పొదిలిలో ఒక కుటుంబ వైద్యురాలు: జీతం, సొంత క్లినిక్, వారానికి రెండు మధ్యాహ్నాలు

2021 ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం ఒక యువ డాక్టరు నన్ను కలవడానికి కందుకూరు వచ్చారు. అప్పటికి ఆమె వయసు ముప్పై మూడేళ్లు. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు కాంట్రాక్టు పద్ధతిలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసి, తరువాత డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్ (కుటుంబ వైద్యంలో పీజీ) పూర్తిచేసి, 2019 నుంచి నెల్లూరులోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ ఓపీ చూస్తున్నారు. భర్త ఒంగోలులో జూనియర్ కాలేజీ లెక్చరర్. నాలుగేళ్ల పాపను, అత్తగారిని పెట్టుకుని ఆమె నెల్లూరులో అద్దె ఇంట్లో ఉంటుంటే ఆయన శనివారం రైల్లో వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేవారు.

ఆమె అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది. “సార్, ఉద్యోగం మానేసి పొదిలిలో క్లినిక్ పెట్టుకోవాలని ఉంది. మానేయమంటారా?”

ఇరవై నాలుగేళ్లుగా సొంత క్లినిక్ నడుపుతున్న వాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఇంతకుముందు అడిగినవారికి వాళ్ల స్వభావాన్ని బట్టి జవాబు చెప్పి పంపేవాణ్ని. ధైర్యవంతులైతే పెట్టుకోమని, నెమ్మదస్తులైతే ఉద్యోగమే మేలని చెప్పేవాణ్ని. అలా చెప్పిన జవాబుల్లో కొన్ని తప్పాయి. అందుకే ఈసారి ఇద్దరం కూర్చుని ప్రతిదీ కాగితం మీద పెట్టాం. ఆ తరువాత మూడేళ్లపాటు ఆమె లెక్కల పుస్తకాన్ని మూడు నెలలకొకసారి చూస్తూ వచ్చాను. ఆమె అంగీకారంతోనే ఈ వివరాలు రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

చేతిలో ఉన్నది ఏ రకం ఉద్యోగం

మొదట నేను అడిగింది ఆసుపత్రితో ఆమె చేసుకున్న ఒప్పందం కాగితం. రెండేళ్లుగా నెలకు 1,20,000 రూపాయల జీతం తీసుకుంటున్నానని ఆమె చెప్పారు. కాగితంలో జీతం అన్న మాట ఎక్కడా లేదు; ‘కన్సల్టెంట్ ఫీజు’ అని ఉంది. ప్రతి నెలా పది శాతం, అంటే 12,000 రూపాయలు, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 194జే సెక్షన్ కింద కోసి మిగతాది ఖాతాలో వేసేవారు. ఆ చట్టంలో ఉద్యోగి జీతం మీద పన్ను కోసే సెక్షన్ 192. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా మన యువ డాక్టర్లలో చాలామందికి తెలియదు. 194జే కింద డబ్బు తీసుకుంటున్న డాక్టరు ఆ ఆసుపత్రి ఉద్యోగి కాదు. ఆసుపత్రికి వృత్తి సేవ అమ్ముతున్న బయటి మనిషి. అందువల్ల పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జీతంతో కూడిన సెలవు లేదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది కానీ, అలాంటి ఒప్పందం కింద ఉన్న డాక్టరుకు ఆసుపత్రి ఇచ్చేది ఏమీ ఉండదు. పాపకు డెంగీ వచ్చి ఆమె ఆరు రోజులు డ్యూటీకి రాలేకపోయిన నెలలో రోజుకు 4,000 చొప్పున 24,000 కోశారు.

ఈ పద్ధతిలో డాక్టరుకు లాభం లేదని చెప్పను. అదే చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద వృత్తి రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపించుకునే వీలుండేది కాబట్టి, కోసిన పన్నులో ఎక్కువ భాగం రిటర్ను వేశాక ఆమెకు తిరిగి వచ్చేది. ఆసుపత్రివారు ఈ లాభాన్నే ముందు చెప్పి ఒప్పిస్తారు. అయితే ఆమె ‘భద్రత’ అనుకుంటున్నదాన్ని అప్పటిదాకా ఎవరూ ఆమె ముందు పెట్టి విప్పి చూపించలేదు. ఒక నెల నోటీసుతో తీసేయగల ఒప్పందం, జబ్బు చేస్తే ఆగిపోయే రాబడి: ఈ రెండూ సొంత క్లినిక్‌లో ఉండే ఇబ్బందులే. ఉద్యోగంలోని నష్టాలు అనుభవిస్తూ ఉద్యోగంలోని రక్షణ లేకుండా ఆమె రెండేళ్లు గడిపారు.

మర్రిపూడి రైతు సంగతి

డబ్బు గురించే మాట్లాడుతుంటే అరగంట తరువాత ఆమె అసలు సంగతి బయటపెట్టారు.

మర్రిపూడి మండలం నుంచి ఒక రైతు, వయసు యాభై నాలుగు, పొగాకు, కంది వేసే మనిషి, మోకాళ్ల నొప్పులూ నడుం నొప్పీ అని ఆమె ఓపీకి వచ్చాడు. ఏళ్ల తరబడి ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే డైక్లోఫెనాక్ నొప్పి బిళ్లలు రోజుకు రెండు మింగుతున్నాడు. ఆమె రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఆ వయసు మగవాడికి అది కిడ్నీ జబ్బు మూడో దశ. ఆ ప్రాంతంలో ఇలాంటి మనిషిని చూసిన ఏ డాక్టరుకైనా వెంటనే రెండు విషయాలు గుర్తుకు రావాలి. మొదటిది నీళ్లు, వాటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల, కీళ్ల జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్య పత్రికలో వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని రోగులను చూసే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును మించిన బోర్లు ఈ మెట్ట ప్రాంతంలో ఎన్నో. ఆ నీళ్లు తాగి కీళ్లు, వెన్ను బిగుసుకుపోయిన మనిషి నొప్పి బిళ్లలకు అలవాటు పడతాడు. రెండో విషయం, ఆ బిళ్లలే అతని కిడ్నీలను తినేస్తాయి.

ఆమె బిళ్లలు ఆపించారు, బీపీకి మందు రాశారు, తాగే నీళ్లు మార్చమన్నారు, నెల తరువాత తన దగ్గరికే రమ్మన్నారు. నెల తరువాత అతను వచ్చిన రోజు ఆమెకు వేరే డ్యూటీ వేశారు. ఓపీలో కూర్చున్న డాక్టరుకు పాత చీటీ కంప్యూటర్‌లో కనపడలేదో, రద్దీలో వెతికే తీరిక లేదో, నొప్పి అన్న మాట విని మళ్లీ అదే రకం బిళ్ల రాశారు. మరో నెలకు అతను ఆమెనే వెతుక్కుంటూ వచ్చి, “అమ్మా, మీరు ఆపమన్న బిళ్లలే ఇక్కడోళ్లే మళ్లా రాసిచ్చారు. ఎవరి మాట ఇనాల మేము?” అని అడిగాడు.

దానికి తన దగ్గర జవాబు లేకపోయిందని ఆమె చెప్పారు. అదే వారం పర్యవేక్షకుడు ఆమెను పిలిచి నెలవారీ పట్టిక ఒకటి చూపించారట. అందులో ఒక్కో డాక్టరు ఎంత ఓపీ చూశారు, అందులో ఎంతమందికి పరీక్షలు రాశారు, ఎంతమందిని అడ్మిషన్‌కు పంపారు అన్న అంకెలు ఉన్నాయి. ‘కన్వర్షన్’, అంటే ఓపీకి వచ్చినవారిలో పరీక్షలకో అడ్మిషన్‌కో పంపినవారి లెక్క, అన్న వరుసలో ఆమె పేరు అందరికంటే కింద ఉంది. ఆ రైతుకు రాసిన క్రియాటినిన్, మూత్ర పరీక్షలు ఆమె ఖాతాలో మంచి అంకెలుగా చేరాయి. పరీక్ష ఏమీ అవసరం లేదని ధైర్యం చెప్పి పంపిన నలభైమంది చెడ్డ అంకెలయ్యారు.

ఈ మాట విన్నాక నాకు ఆమె ప్రశ్న వేరుగా వినపడింది. ఆమె సంపాదన పెంచుకోవడానికి వెళ్లిపోవడం లేదు. కుటుంబ వైద్యుడి పని అంతా రెండు విషయాల మీద నిలబడి ఉంటుంది: అదే రోగి మళ్లీ తన దగ్గరికే రావడం, ఆ రోగి మీద ఎంతసేపు వెచ్చించాలో, ఏం రాయకూడదో తనే నిర్ణయించుకోగలగడం. ఈ రెండూ దొరికే చోటు వెతుకుతున్నారు ఆమె. సొంత క్లినిక్ పెడితే ఆ రెండూ వాటంతట అవే వస్తాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకం సగమే నిజమని నా అనుభవం. ఆ మాట అప్పుడే చెప్పాను.

కాగితం మీద లెక్క

పొదిలినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆమె పుట్టిల్లు దర్శి వైపు. భర్త ఒంగోలు కాలేజీకి బస్సులో వెళ్లి రావచ్చు. చుట్టూ మర్రిపూడి, కొనకనమిట్ల మండలాల జనం ఏ పనికైనా పొదిలికే వస్తారు. నేనైతే ఒంగోలులో పెట్టమన్నాను. అక్కడ ఫీజు ఎక్కువ ఇవ్వగల జనం ఉన్నారని నా వాదన. ఆమె ఒప్పుకోలేదు. ఒంగోలులో స్పెషలిస్టుల మధ్య కుటుంబ వైద్యుడంటే రెఫరల్ చీటీ రాసే మనిషిగా మిగిలిపోతాడని ఆమె అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చెప్పిందే సరి.

పెట్టుబడి 3,40,000 రూపాయలు అయింది. ఒంగోలు రోడ్డులో రెండు గదుల పోర్షన్‌కు అడ్వాన్సు, ఈసీజీ మిషను, పరీక్ష బల్ల, ఇన్సులిన్, టీకాలు పెట్టడానికి ఫ్రిజ్, ఇన్వర్టర్, కుర్చీలు, బోర్డు. సగం వరకు దాచుకున్న డబ్బు. మిగతాది బంగారం కుదువ పెట్టి తెచ్చారు. బ్యాంకు రుణం దొరికేది కానీ, నెల వాయిదా అనే కత్తి మెడ మీద పెట్టుకుని మొదటి ఏడాది క్లినిక్‌లో కూర్చోవద్దని నేను గట్టిగా చెప్పాను. ఎందుకో తరువాత వివరిస్తాను. ప్రైవేటు వైద్య సంస్థల మీద వచ్చిన 2002 నాటి చట్టం ప్రకారం జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి దగ్గర ఐదేళ్లకు రిజిస్ట్రేషన్, 2016 నిబంధనల ప్రకారం వ్యర్థాలకు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు, వాటిని తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం మామూలుగానే జరిగిపోయాయి.

నెల ఖర్చు ఇలా తేలింది: అద్దె 9,000, నర్సుకు 12,000, చీటీలు రాసే అబ్బాయికి 9,000, కరెంటుకు 3,000, వ్యర్థాలు, శుభ్రత, ఫోను కలిపి 3,000. మొత్తం 36,000. ఫీజు 200 పెట్టాలనుకున్నాం; ఒకసారి చీటీ తీసుకుంటే పది రోజుల్లోపు మళ్లీ డబ్బు కట్టనక్కరలేదు. నెలకు ఇరవై ఆరు రోజులు తెరిస్తే, ఖర్చులు రావడానికే 180 చీటీలు కావాలి, అంటే రోజుకు ఏడు. ఆసుపత్రిలో వచ్చే 1,20,000 ఇక్కడా రావాలంటే 780 చీటీలు, అంటే రోజుకు సరిగ్గా ముప్పై. పది రోజుల గడువులో మళ్లీ వచ్చేవాళ్లు మరో పదిమంది ఉంటారనుకుంటే రోజుకు నలభైమంది. మనిషికి పది నిమిషాల చొప్పున 400 నిమిషాలు, ఆరు గంటల నలభై నిమిషాలు తలెత్తకుండా చూడాలి.

“ముప్పై చీటీలు రాకపోతే ఏం తగ్గిస్తారు?” అని ఆమెను అడిగాను. డాక్టరు తన ఖర్చు తగ్గించుకోవచ్చు, లేదా రోగికి ఇచ్చే పది నిమిషాలను నాలుగు చేసి ఇంకా ఎక్కువమందిని లాగవచ్చు, లేదా చీటీ మీద రాని డబ్బును వేరే దారిలో రాబట్టవచ్చు. చిన్న పట్టణంలో ఆ వేరే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఆమెకు అలాంటి దారి క్లినిక్ తెరవకముందే ఎదురైంది. ఒక మెడికల్ షాపు యజమాని తన షాపు వెనక గది అద్దె లేకుండా ఇస్తానని, బల్లా కుర్చీ తనవేనని, చీటీలు రాసే మనిషి జీతం కూడా తనే ఇస్తానని చెప్పాడు. అడిగింది ఒకటే: మందులు తన షాపులో ఉన్నవే రాయాలి. మన జిల్లాల్లో ఎందరో డాక్టర్లు ఇలాగే మొదలుపెట్టారు, వారిలో మంచివారు చాలామంది ఉన్నారు. అయినా ఆమె వద్దన్నారు. నేను సంతోషించాను. 18,000 రూపాయల అద్దె, జీతం బదులు ఆమె ఇవ్వవలసింది ఏం రాయకూడదో నిర్ణయించుకునే హక్కు. నెల్లూరులో వదిలేసి వస్తున్నది దాన్ని అక్కడ పోగొట్టుకున్నందుకే.

రెండు మధ్యాహ్నాలు

అప్పుడు నేను ఇచ్చిన సలహా, ఈ మొత్తం కేసులో నేను నిక్కచ్చిగా నిలబడే సలహా, ఇది: క్లినిక్ పెట్టండి, కానీ చీటీల మీద ఆధారపడని ఒక చిన్న స్థిర ఆదాయం చూసుకున్నాకే తలుపు తెరవండి. రెండు నెలలు వెతికితే చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యూనిట్‌లో వారానికి రెండు మధ్యాహ్నాలు కార్మికులను చూసే పని దొరికింది. నెలకు 24,000. పొదిలి నుంచి ఒంగోలు వెళ్లే దారిలోనే కాబట్టి ప్రయాణం భారం కాలేదు. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే పని అది. వైద్యపరంగా కూడా ఆమెకు నచ్చింది.

ఈ సలహా ఊరికే పుట్టింది కాదు. మన చర్చలన్నీ జీతం ఒక పక్క, స్వతంత్రం ఒక పక్క అన్నట్టు సాగుతాయి. అమెరికాలో వైద్య సంఘం చేయించే సర్వే ప్రకారం 2012లో 60.1 శాతం డాక్టర్లు డాక్టర్ల సొంత ప్రాక్టీసుల్లో ఉంటే, 2022 నాటికి అది 46.7 శాతానికి పడిపోయింది. ఈ అంకెలు చూపించి ‘సొంత ప్రాక్టీసు రోజులు పోయాయి’ అనేవారు నాకు సమావేశాల్లో తరచుగా తారసపడతారు. నేను వారికి బ్రిటన్ సంగతి గుర్తుచేస్తాను. 1948లో అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు కుటుంబ వైద్యులు ప్రభుత్వ జీతగాళ్లు కావడానికి ఒప్పుకోలేదు; స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే అందులో చేరారు. అయితే వాళ్ల స్వతంత్రానికీ మన స్వతంత్రానికీ పోలిక లేదు. అక్కడి డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకున్న మనుషుల జాబితా ఉంటుంది, ఆ జాబితాలోని తలలను బట్టి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. ఈ రోజు ఎవరికీ జబ్బు చేయకపోయినా ఆయన ఇల్లు గడుస్తుంది. మన దగ్గర జాబితా లేదు, తలసరి డబ్బు లేదు. ఎదుట కూర్చున్న మనిషి ఇచ్చే 200 రూపాయలే ఉన్నాయి. అందుకని ఆ తలసరి డబ్బు చేసే పనిలో కొంతైనా చేయడానికి ఆ 24,000 కావాలని నా ఆలోచన.

క్లినిక్ 2022 ఉగాది వెళ్లాక సోమవారం, ఏప్రిల్ 4న తెరిచారు. జిల్లాల పునర్విభజన అమల్లోకి వచ్చిన రోజు కూడా అదే. నేనున్న కందుకూరు ఆ రోజే ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. కొబ్బరికాయ కొట్టే వేళకు ఆమె ప్రకాశం డాక్టరు, నేను నెల్లూరు డాక్టరు అయ్యాం.

మొదటి నెల 96 చీటీలు. మే నెలలో 110, జూన్‌లో 128. మూడు నెలల్లో చేతి నుంచి పడింది 41,200 రూపాయలు. గ్రానైట్ యూనిట్ నుంచి ఆ మూడు నెలల్లో వచ్చింది 72,000.

చీటీలు ఇంత తక్కువ రావడానికి కారణం నేనే అని జూలైలో తెలిసింది. కందుకూరులో నా సాయంత్రం ఓపీయే పెద్దది కాబట్టి ఆమెకూ ఐదు నుంచి తొమ్మిది వరకు కూర్చోమని చెప్పాను, ఉదయం రెండు గంటలే పెట్టించాను. పొదిలిలో ఆమెకు రావలసిన రోగులు పల్లెల వాళ్లు. ఉదయం బస్సుకు దిగి, బ్యాంకు పని, ఎరువుల కొట్టు పని చూసుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతారు. ఆమె బోర్డు మీద ‘సాయంత్రం 5 నుంచి’ అని చదివి ఆర్ఎంపీ దగ్గరికే వెళ్లిపోతున్నారని చీటీలు రాసే అబ్బాయి బస్టాండులో విని చెప్పాడు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి రెండు వరకు మార్చారు. సాయంత్రం ఒక గంట మాత్రం ఉంచారు. జ్వరాల కాలం వచ్చి అక్టోబరులో 410 చీటీలు అయ్యాయి. 2023 మార్చిలో పొగాకు వేలం జరుగుతూ చేతిలో డబ్బు ఆడినప్పుడు 470. ఆ ఏడాది మధ్య నుంచి 540 దగ్గర నిలబడింది. 780 మాత్రం ఏ నెలా రాలేదు.

540 చీటీలంటే 1,08,000. ఖర్చు పోగా 72,000. గ్రానైట్ యూనిట్ డబ్బు కలిపితే 96,000. నెల్లూరులో వచ్చేదానికంటే నెలకు 24,000 తక్కువ. ‘స్వేచ్ఛ ఉంటే డబ్బు కూడా దానంతట అదే వస్తుంది’ అని యువ డాక్టర్లకు చెప్పే పెద్దలు ఈ అంకె చూడాలి.

కవరు

2022 జూన్ చివర, నష్టం అన్నింటికంటే బాధగా తోచిన రోజుల్లో, ఒక స్కానింగ్ సెంటరు మనిషి వచ్చి బల్ల మీద ఒక కవరు పెట్టాడు. ఆమె ఆ నెలలో పంపిన తొమ్మిది స్కాన్లకు లెక్క కట్టి తెచ్చిన డబ్బు అది. అడగలేదు, బేరం లేదు, అందరికీ ఇస్తున్నట్టే ఇచ్చాడు. వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళి ఇలాంటి కమీషన్‌ను సూటిగా నిషేధించింది. అది తెలియని డాక్టరు లేడు. ఆమె కవరు తిరిగి ఇచ్చి, ఆ మొత్తాన్ని తన రోగుల బిల్లులోనే తగ్గించమని అడిగారు. మొదట అతను నమ్మలేదు. రెండు నెలల తరువాత ఆమె చీటీ తెచ్చినవారికి తక్కువ తీసుకోవడం మొదలైంది.

ఆ సాయంత్రం ఆమె ఫోనులో అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. “బ్యాంకు వాయిదా ఉంటే నేనీ కవరు తీసుకునేదాన్నేమో సార్.” వాయిదా వద్దని నేను పట్టుబట్టింది ఇందుకే. ఆసుపత్రిలో కన్వర్షన్ పట్టిక ఏం చేస్తుందో, ఖాళీగా ఉన్న క్లినిక్‌లో స్కానింగ్ కవరు అదే చేస్తుంది. ఉద్యోగంలో ఆ ఒత్తిడిని కాదనాలంటే పని వదిలేయాలి. సొంత క్లినిక్‌లో కాదనాలంటే నెల గడవడానికి ఇంకొక ఆధారం ఉండాలి.

మళ్లీ ఊగిసలాట

ఇంతటితో ఆమె మనసు స్థిరపడిందని అనుకోకూడదు. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం అధికారికంగా మొదలైంది. ఒక్కో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు డాక్టర్లు, ఒకరు కేంద్రంలో ఓపీ చూస్తుంటే మరొకరు 104 సంచార వైద్య వాహనంలో ఊళ్లకు వెళ్లడం, ప్రతి గ్రామానికీ నెలకు రెండుసార్లు అదే డాక్టరు రావడం అనే పద్ధతి. ఆమె నాకు ఫోను చేసి, తనకు కావలసింది ఇదే కదా అన్నారు. జీతం నిజమైన జీతం, సెలవులు నిజమైన సెలవులు, ఊరు తన ఊరే. నేనూ వద్దనలేదు. ఆమె దర్శి వైపు పనిచేస్తున్న స్నేహితురాలితో ఒక రోజు 104లో వెళ్లి చూసి వచ్చారు. ఆ స్నేహితురాలికి నచ్చిన ఉద్యోగమే అది. ఊరిలో ముసలివాళ్లు ఆమెను పేరుపెట్టి పిలుస్తున్నారు. కానీ ప్రభుత్వ డాక్టర్లకు ఉండే సర్వీసు కోటాలో పీజీ సీటు రాగానే తాను వెళ్లిపోతానని స్నేహితురాలే చెప్పారు. ఇప్పటికే డీఎన్‌బీ ఉన్న మా డాక్టరుకు ఆ ఆకర్షణ లేదు. 2004 సెప్టెంబరు తరువాత చేరినవారికి పాత పింఛను లేదు. బదిలీ ఎప్పుడైనా రావచ్చు. మూడు వారాలు ఆలోచించి దరఖాస్తు చేయకుండా ఉండిపోయారు. పాప ఇంకా చిన్నదై, భర్తకు ఉద్యోగం లేకపోయి ఉంటే తప్పకుండా చేరేదాన్నని చెప్పారు, అదీ న్యాయమే. ఇష్టం అనేది మనిషికి ఒకటే ఉంటుందని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. అప్పు, పిల్లల వయసు, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నవాటితో పాటు అదీ కదులుతుంది.

మేం లెక్క కట్టని ఖర్చు

2024 జనవరిలో ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. పన్నెండు రోజులు క్లినిక్ మూసేశారు. జీతాలు, అద్దె ఆగలేదు. పన్నెండు రోజుల చీటీలు దాదాపు యాభై వేల రూపాయలు పోయాయి. దానికంటే పెద్ద నష్టం, బీపీ, షుగర్ మందులు అయిపోయినవాళ్లు ఆ పన్నెండు రోజుల్లో ఎక్కడికి వెళ్లాలో తెలియక ఆపేయడం. 2021లో మేం వేసిన కాగితంలో డాక్టరు జబ్బు పడడం అన్న వరుసే లేదు. అది నా పొరపాటు. నాకు ఎప్పుడూ పెద్ద జబ్బు రాలేదు కాబట్టి గుర్తుకు రాలేదు.

జూలైలో ఆమె ఒక కుర్ర డాక్టర్ని వారానికి రెండు ఉదయాలకు పెట్టుకున్నారు. నీట్ పీజీకి చదువుతున్న అబ్బాయి. సొంతంగా ఏదీ పెట్టుకోవాలని లేదు, నెల కాగానే డబ్బు వస్తే చాలు, మిగతా సమయం చదువుకు కావాలి అని ముందే చెప్పాడు. నెలకు 18,000. అతను వచ్చిన రెండు ఉదయాల్లో ఆమెకు ఇంటికి వెళ్లి మంచం పట్టిన ముసలివాళ్లను చూసే వీలు దొరికింది. ఒప్పందం ఆమే రాసుకుని నాకు చూపించారు. జబ్బు చేస్తే ఏడాదికి పన్నెండు రోజులు డబ్బు కోయరు. అతను ఎన్ని పరీక్షలు రాశాడో ఎవరూ లెక్కపెట్టరు. గంటకు ఆరుగురికి మించి చీటీలు ఇవ్వరు.

నాలుగో షరతు పుస్తకాల గురించి. క్లినిక్ తెరిచిన మొదటి వారం నుంచి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒక ఇంటికి ఒక లాంగ్ నోట్‌బుక్, ఆ ఇంట్లో ఎవరు వచ్చినా అందులోనే రాస్తారు, పుస్తకం రోగి ఇంట్లోనే ఉంటుంది. మొదటి పేజీలో పైన ఎర్ర ఇంకుతో ఆ ఇంట్లో ఎవరికి ఏది ఇవ్వకూడదో ఉంటుంది. కొత్త డాక్టరు ఎవరైనా సరే, ఆ పేజీ చదివాకే పెన్ను పట్టాలన్నది షరతు.

మర్రిపూడి రైతు నెల్లూరు వెళ్లడం మానేసి 2022 నవంబరు నుంచి పొదిలికి వస్తున్నాడు. కిందటి సెప్టెంబరులో నేను క్లినిక్‌కు వెళ్లిన రోజు అతను ఆ కుర్ర డాక్టరు ముందు కూర్చుని ఉన్నాడు. పొగాకు నారుమడి పనుల రోజులు, నడుం పట్టేసింది, ఒక్క బిళ్ల రాసివ్వమని బతిమాలుతున్నాడు. “ఆ బిళ్ల ఏసుకుంటేనేగా సారూ నేను మడిలోకి దిగేది.” అబ్బాయి పుస్తకం మొదటి పేజీ తెరిచి, ఎర్ర గీత కింద వేలు పెట్టి అతనికే చదివి వినిపించాడు. తరువాత పేజీలు తిప్పి క్రియాటినిన్ అంకెలు వరుసగా చూశాడు: 2.1, 1.9, 2.0, 2.2. నొప్పి ఉన్న చోట నొక్కి చూసి, పారాసెటమాల్ రాసి, వేడి కాపడం ఎలా పెట్టుకోవాలో చెప్పి, రెండు వారాల తరువాత రక్తపరీక్షకు రమ్మని తేదీ వేశాడు. రైతు కొంచెం అసంతృప్తిగానే పుస్తకం సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లాడు. రెండు వారాల తరువాత వచ్చాడని, అంకె 2.1 అని ఆమె ఫోను చేసి చెప్పారు.